ఆకుపచ్చ గళ్ల చొక్కా

"కట్!"

శాలిబండ గల్లీలో వర్షిత అరిచిన అరుపుకు గోడ మీది పావురాలు కూడా సీన్లోంచి తప్పుకున్నాయి.

తప్పుకోనిది ముసలాయన ఒక్కడే.

తెల్లగడ్డం, వంగిన నడుము, చంకలో పాత పేపర్ చుట్టిన పొట్లం. మూడు రోజులుగా కెమెరా ఎటు తిరిగితే అటే ప్రత్యక్షం.

"బబ్లూ! ఆ పెద్దాయన్ని పక్కకు తీస్కపో. మనం తీసేది మర్డర్ డాక్యుమెంటరీ. ఇట్లయితే నా చేతుల నిజంగనే మర్డర్ అయితది."

కాస్ట్యూములు చూసే బబ్లూ, ముందు పొట్ట, వెనక తాను, పరుగున వచ్చాడు.

"చల్ చాచా, చల్. ఏం కావాలె నీకు? యాక్టింగా?"

"మేడమ్‌తోని రెండు నిమిషాలు మాట్లాడాలె బేటా."

"నాకు చెప్పు."

"ఈడ కాదు. గల్లీకి చెవులెక్కువ."

"మేడమ్‌కు టైం తక్కువ. ఆడ కూసో."

ముసలాయన అరుగు మీద కూర్చున్నాడు.

వర్షిత తొందరంతా రవీందర్ కోసం.

రవీందర్ పాల డెయిరీ వాళ్ల అబ్బాయి. పదిహేనేళ్ల కిందట ఉస్మాన్‌గంజ్‌లో ఒక దలాల్ హత్య జరిగింది. శవం పిడికిట్లో చిరిగిన చొక్కా జేబు దొరికింది. ఆకుపచ్చ గళ్లు. రవీందర్‌కు సరిగ్గా అలాంటి చొక్కాయే ఉండేది.

"నా అంగీ జేబు చిరగలే సార్. వదులైతుందని దర్జీ షఫీఉద్దీన్‌కు ఇచ్చిన. ఆయన తాననే ఉంది," అన్నాడు రవీందర్.

"నా తాన లేదు హుజూర్. ఎన్నడో ఇచ్చేసిన. ఆ గుడ్డతోని కుట్టింది ఒక్కటే అంగీ. జానెడు గుడ్డ మిగల్లే," అన్నాడు కోర్టులో షఫీఉద్దీన్.

దర్జీ దగ్గర గుడ్డ మిగల్లేదంటే పాతబస్తీ మొత్తంలో నమ్మింది జడ్జిగారు ఒక్కరే.

చొక్కా చిక్కలేదు. రవీందర్ చిక్కాడు. యావజ్జీవం పడింది.

కొత్త ఆధారం తెస్తేనే కేసు మళ్లీ తెరుస్తారని రవీందర్ అక్క ఆండాలుకు వకీల్ చెప్పాడు. దర్జీ మాట మీద నడిచిన కేసులో దారమే గానీ ఆధారం ఎక్కడిది?

వర్షిత ఆ దర్జీ ఇంటి తలుపూ తట్టింది. భార్య షౌకత్ బీ తలుపు సందులోంచే, "ఆయన చచ్చిపోయిండు. పోండ్రి," అని గడియ పెట్టేసుకుంది.

ఇక మిగిలింది ఆనాటి హత్యను మళ్లీ నటించి చూపించడమే. దానికి ఆకుపచ్చ గళ్ల చొక్కా కావాలి.

"పాత బట్టలమ్మే జుమ్మెరాత్ బజార్ మొత్తం తిరిగిన భాయ్. పచ్చ గళ్ల అంగీ దొర్కుతలేదు," అని బబ్లూ ఫోన్లో ఎవరితోనో మొత్తుకుంటున్నాడు.

అరుగు మీది ముసలాయన పొట్లం విప్పాడు.

"గిదేనా?"

బబ్లూ కళ్లు కోటు గుండీలంత అయ్యాయి.

"మేడమ్ చేతికే ఇయ్యి బేటా. నేనిచ్చిన అని చెప్పు. జేబు చూడమను."

"అట్లనే చాచా!"

బబ్లూ లోపలికి ఉరికాడు.

"అరే, అచ్చం అదే! యాడ దొరికింది?" అంది వర్షిత.

"జుమ్మెరాత్ బజార్‌ల మేడమ్. నా కండ్లకు దొర్కంది ఉంటదా?"

మెప్పు మొత్తం బబ్లూ తన జేబులోనే వేసుకున్నాడు.

"యాక్షన్!"

చచ్చేవాడి వేషం వేసిన నటుడు చొక్కా జేబు పట్టి గుంజాడు.

చర్రుమంది.

"నక్కో! చింపకుండ్రి!"

ముసలాయన ఫ్రేమ్‌లోకి పరుగెత్తుకొచ్చాడు. రంగు నెత్తుట్లో పడ్డ జేబును రెండు చేతులతో ఎత్తాడు.

"కట్! కట్! ఆయన్ని ఎవరన్నా బయటికి తోలుండ్రి!"

తోలే పని పడలేదు. జేబు ముడతల్ని అరచేత్తో సాపు చేసి, అరుగు మీద పెట్టి, తనే వెళ్లిపోయాడు.

నాలుగో రోజు రాలేదు. షూటింగ్ హాయిగా సాగింది.

నెల తిరిగాక ఎడిటింగ్ గదికి ఆండాలు వచ్చింది. తెర మీద చొక్కా దగ్గరగా కనబడింది.

"ఆపు బిడ్డా."

లేచి తెర దాకా నడిచింది. వేలు పెట్టి చూపించింది.

"రెండో గుండీకి నల్లదారం. పచ్చదారం లేకుంటే నేనే కుట్టిన. గిది మా తమ్ముని అంగీ."

వర్షిత బబ్లూ వైపు చూసింది. బబ్లూ నేల వైపు చూశాడు.

"బజార్‌ల కాదు మేడమ్... ఆ చాచా ఇచ్చిండు. జేబు చూడమన్నడు."

"జేబు మంచిగనే ఉండెనా?" అడిగింది ఆండాలు.

వర్షిత తెర మీద ఆగిన బొమ్మను మళ్లీ కదిలించింది.

చర్రుమంది.

వకీల్ ఫోన్లో ఒక్కటే మాట అన్నాడు. "మీరే చింపిన అంగీని కోర్టు నమ్మదమ్మా. ఇన్నేండ్లు దాసినాయన వచ్చి చెప్పాలె. ముందు ఆయన్ని పట్టుకోండి."

పాడైన షాట్లలోంచి ముసలాయన ఫొటో తీసుకుని ముగ్గురూ శాలిబండకు పరుగెత్తారు. పాన్ డబ్బావాడు ఫొటో చూశాడు. గల్లీ చివరి తలుపు చూపించాడు.

వర్షిత ఒకసారి తట్టిన దర్జీ ఇంటి తలుపే అది.

షౌకత్ బీ ఈసారి తలుపు పూర్తిగా తీసింది. ఫొటో అందుకుని కొంగుతో తుడిచింది.

"మిగిలిన గుడ్డతోని ఇంకో అంగీ కుట్టి, తొవ్వంట పోయేటోనికి ఎవనికో అమ్ముకున్నడు. అది బయటపడితే ఖూనీ కేసుల ఇరుక్కుంటనని భయపడి కోర్టుల అబద్ధమాడిండు. ఈయన్ని జైల్ల ఏస్తరని నేను మీతోని అబద్ధమాడిన."

"ఆయన యాడున్నడు చాచీ?"

షౌకత్ బీ ఫొటోను గుండెలకు ఆనించుకుంది.

"చచ్చిపోయిండని ఆ దినం నేను చెప్పిన అబద్ధం, పోయిన జుమ్మా నాడు నిజమైంది బేటీ."