ఒక్క పేరు

“నయమైనవాళ్లు అంటున్నారు కదా మేడమ్, అలా నయమై నలుగురిలో బతుకుతున్న ఒక్కరి పేరు చెప్పండి. ఇక్కడే సంతకం పెడతాను” అన్నాడు కాలనీ ప్రెసిడెంటు.

కోపానికి కాబోలు, అతని చేతిలో మైకు వణుకుతోంది. హాలు నిండా ఉన్న కాలనీవాళ్లు చప్పట్లు కొట్టారు.

తగువంతా ఒక అద్దె ఇంటి గురించి. ఏడుగురు ఆడవాళ్లు జబ్బు నయమైనా తీసుకెళ్లే దిక్కులేక ఏళ్ల తరబడి మానసిక వైద్యశాలలోనే ఉండిపోయారు. మానసిక ఆరోగ్య శాఖ డైరెక్టరు వాళ్ల కోసం ఈ కాలనీలో ఇల్లు తీసుకుంది. సంగతి తెలియగానే కాలనీ అంతా ఒంటికాలి మీద లేచింది. ప్రెసిడెంటు అభ్యంతరం లేదని సంతకం పెడితే గొడవ సద్దుమణుగుతుంది. లేకపోతే వాళ్లను తీసుకొచ్చే వ్యాన్‌ను గేటు దాటనివ్వబోమని బెదిరిస్తున్నారు.

డైరెక్టరు పక్కన ఫైళ్లు పట్టుకుని కూర్చున్న కుర్ర సోషల్ వర్కరుకు కడుపు మండిపోతోంది. ఆఫీసులో అందరూ ఆమెను తొందరమ్మ అంటారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు గానీ, నయమై వెళ్లినవాళ్ల పేర్లు ఆమెకే పాతిక తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసున్న డైరెక్టరుకు ఎన్ని తెలియాలి!

“ఒక్కటి చెప్పేయండి మేడమ్, వీళ్ల నోళ్లు మూతపడతాయి” అని చెవిలో గొణిగింది.

డైరెక్టరు లేచి నిలబడి ప్రెసిడెంటు వైపు కాసేపు చూసింది.

“చెప్పను” అంది.

హాలు గొల్లుమంది. ఉంటే కదా చెప్పడానికి అని వెనక వరసలో ఎవరో అన్నారు. ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు. గ్లాసెడు నీళ్లు గటగటా తాగి ఇంకో గ్లాసు నింపుకున్నాడు.

“అంటే ఎవరూ లేరన్నమాట.”

“బోలెడుమంది ఉన్నారు. మీ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లలో ఉన్నారు, మీరెక్కే బస్సు నడిపేవాళ్లలో ఉన్నారు. పేరు బయటపెట్టిన మర్నాటినుంచి ఆ మనిషి మీకు టీచరు కాదు, డ్రైవరూ కాదు, ఉత్త పిచ్చివాడు. మీ సంతకం కోసం ఒక మనిషిని అమ్ముకోను.”

తొందరమ్మ తల పట్టుకుంది. గెలిచే ఆటను చేజేతులా పాడుచేస్తున్నారే అని ఆమె బాధ. అనుకున్నట్టే అయింది. చేతులెత్తమంటే ఇల్లు వద్దని నలభై ఒక్క చేతులు లేచాయి, కావాలని ఒక్కటీ లేవలేదు. గేటుకు తాళం వేయిస్తామని ఒక పెద్దాయన తేల్చి చెప్పాడు.

“వేయండి” అంది డైరెక్టరు, కాగితాలు సంచిలో సర్దుకుంటూ. “ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం తాళాలు తీయించడమే. మీ సంతకం చట్టం అడగలేదు, మర్యాద కోసం నేనడిగాను. సోమవారం పదింటికి వ్యాన్ వస్తుంది. ముందు సీట్లో నేనుంటాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. తొందరమ్మ ఛాతీ పొంగిపోయింది, కానీ ఉక్రోషం మాత్రం తగ్గలేదు. మెట్లు దిగుతూ దారి పొడవునా సణుగుతూనే ఉంది. అంత పట్టుదల దేనికి, ఎవడో ఒకడి పేరు చెబితే కొంప మునిగేదా అంది. డైరెక్టరు సంచి భుజాన వేసుకుని కారు వైపు నడిచింది.

సాగనంపే మర్యాదకని ప్రెసిడెంటు కారు దాకా వచ్చాడు. తొందరమ్మ అతని మొహం చూడడానికే ఇష్టపడక అవతలి వైపు నుంచి ఎక్కి కూర్చుంది. అతను డైరెక్టరు కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక, హాలు మెట్ల మీద నిలబడ్డ జనాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూసి, లోపలికి వంగి గొంతు బాగా తగ్గించాడు.

“మాత్రలు మానలేదక్కా.”