ఏడుంపావు

"మన మెయిళ్లు తెరిచేవాళ్లలో సగం మంది అసలు మనుషులే కారక్కా," అన్నాడు కొత్త మేనేజరు.

అది ఆన్‌లైన్ చెప్పుల షాపు. ఆఫీసులో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఒక్క చెప్పు కనపడదు. నాలుగో అంతస్తులో పన్నెండు కుర్చీలు, పన్నెండు కంప్యూటర్లు, తాగడం మర్చిపోయిన కాఫీ కప్పులు. కొన్నవాళ్ల చేత మళ్లీ కొనిపించే మెయిళ్లు రాయడం అక్క పని. రోజూ పొద్దున్న ఏడింటికి మెయిలు వెళ్లాలి. "ఎన్నాళ్లయింది మిమ్మల్ని చూసి!" అని ఒకరోజు, "వానలు మొదలయ్యాయి, కాళ్లు జాగ్రత్త" అని ఇంకోరోజు.

"చెప్పులమ్ముకోడానికి ఇంత ప్రేమెందుకక్కా?" అని పక్క సీటు పిల్ల ఆటపట్టించేది.

"ప్రేమగా పిలిస్తేనే పలుకుతారు," అనేది అక్క. ఆఫీసంతటికీ ఆమె అక్కే. మేనేజరుకి కూడా రెండో రోజుకే అక్క అయిపోయింది.

అక్కకి ఒకటే పిచ్చి. పొద్దున్న వస్తూనే, భుజాన బ్యాగు కూడా దించకుండా, లక్షల అడ్రసుల్లో ఒక అడ్రసు వెతికేది. మూడేళ్ల కిందట ఒకే ఒక్కసారి కొన్న కస్టమరు. దూరం నడిచే బూట్లు, పదో నంబరు. ఆ తర్వాత ఒక్క చెప్పు కొంటే ఒట్టు. అయినా ఆ అడ్రసుకి వెళ్లిన ప్రతి మెయిలూ సరిగ్గా ఏడుంపావుకి తెరుచుకున్నట్టు తెర మీద కనపడేది. ఆఫీసువాళ్లు ఆయనకు 'ఏడుంపావు గారు' అని పేరు పెట్టేశారు.

"ఏడుంపావు గారు లేచారా అక్కా?"

"లేచారు." అప్పుడుగానీ అక్క మొహం తేటపడేది కాదు. సాయంత్రం బయల్దేరే ముందు ఆ టైమే ఒక చీటీ మీద రాసుకుని బ్యాగులో వేసుకునేది.

"అంత ఇదిగా ఉంటే సొంతంగా ఓ మెయిలు రాయొచ్చుగా?"

"నా పేరు చూస్తే తెరవరు."

అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. వేరే విభాగంలో ప్రమోషన్ ఇస్తామని రెండుసార్లు పిలిస్తే ఆమె రెండుసార్లూ వద్దంది. పెరిగే జీతం ఎవరికైనా చేదా? ఆమెకేదో తిక్క అనుకుని వదిలేశారు.

ఇప్పుడు మేనేజరు విడమరిచి చెప్పాడు. "మెయిలు వెళ్లిన కాసేపటికి అవతల మెయిలు కంపెనీ మిషనే దాన్ని తెరిచేస్తోంది. మనిషి చూశాడని మనం సంబరపడుతున్నాం. ఏడాదిగా మన మెయిళ్లలో ఏదీ నొక్కనివాళ్లను జాబితాలోంచి తీసేద్దాం. లేకపోతే మన మెయిళ్లన్నీ స్పామ్‌లోకి తోసేస్తారు. ముందు ఒక ఆఖరి మెయిలు పంపుదాం. అందులో ఒక బటన్. శుక్రవారం అయిదింటిలోగా నొక్కినవాళ్లు ఉంటారు, నొక్కనివాళ్లను సిస్టమే తీసేస్తుంది."

అక్క కుర్చీ అతని వైపు తిప్పింది. "ఒక్క అడ్రసు ఉంచుకోవచ్చా?"

"ఎవరిది?"

చెప్పబోయి ఆగింది. "పాత కస్టమరు. రోజూ తెరుస్తారు."

మేనేజరు ఆ వివరాలు తెర మీదికి తెచ్చాడు. "ఇది చూడండి. ఆదివారం ఏడుంపావు, సెలవురోజూ ఏడుంపావే. ఏ మనిషి ఇలా తెరుస్తాడక్కా? ఇది ముమ్మాటికీ మిషనే."

మూడేళ్లుగా ఏ టైము చూసి ఆమె ధైర్యం తెచ్చుకుందో, ఆ టైమే ఇప్పుడు ఆమెను భయపెట్టింది.

ఆఖరి మెయిలు ఆమే రాసింది. పది శాతం తగ్గింపు, పరుగున రండి అని ఉన్న పాత నమూనా అంతా చెరిపేసింది. "ఉన్నారా? ఏమీ కొనక్కర్లేదు. ఒక్కసారి నొక్కితే చాలు" అని రాసి, కింద 'ఉన్నాను' అని బటన్ పెట్టింది.

బుధవారం మెయిలు వెళ్లింది. ఏడుంపావుకి తెరుచుకుంది. ఆ అడ్రసు నుంచి ఎవరూ నొక్కలేదు.

గురువారం మళ్లీ పంపారు. ఏడుంపావు. నొక్కలేదు.

శుక్రవారం మేనేజరు చప్పట్లు కొడుతూ వచ్చాడు. "పదకొండు వేలమంది నొక్కారక్కా! మీ చేతిలో ఏదో మహత్తు ఉంది. ఇంతమంది తిరిగి రావడం నేనెక్కడా చూడలేదు."

అక్క తల తిప్పలేదు. ఆమె చూపంతా తెర మీద ఒకే వరస మీద ఉంది. ఆ బటన్ ఆమె పెట్టిందే, కానీ ఆమె నొక్కడానికి లేదు. అవతలివాళ్లే నొక్కాలి. నాలుగూ యాభై. నాలుగూ యాభై అయిదు. చిన్నపిల్లలా లోలోపల బతిమాలుకుంది. "కోపముంటే ఉండనీ. ఒక్కసారి నొక్కు."

అయిదయింది. ఆ వరస మాయమైంది. పైదీ కిందిదీ దగ్గరికి జరిగాయి. అక్కడ ఎవరో ఉండేవారన్న ఆనవాలు కూడా లేదు.

"పోయారా అక్కా మీ ఏడుంపావు గారు?" అంది పక్క సీటు పిల్ల నవ్వుతూ.

అక్క చీటీ తీసింది. కలం తీసింది. చాలాసేపు కూర్చుని ఏమీ రాయకుండానే లేచింది. బస్సులో చెమట పట్టిన గుప్పిట్లో ఆ చీటీ మెత్తబడిపోయింది. ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది.

తలుపు తీసిన అమ్మ, మూడేళ్లుగా రోజూ చాపినట్టే చీటీ కోసం చెయ్యి చాపుతూ, "తమ్ముడు ఇవాళ మెయిలు తెరిచాడా?" అంది.