కంపెనీ ఇవ్వాలి

"శనివారం సాయంత్రం ఇంటికి రా. కంపెనీ ఇవ్వాలి," అనేసి పెద్దాయన తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయనెప్పుడూ అంతే, సగం మాట అని సగం మింగేస్తాడు.

ఫోర్‌మన్ చేతిలో అట్ట అలాగే ఉండిపోయింది. గేటు మీద బోర్డు ఎంత పెద్దదైతేనేం, అది అట్టపెట్టెలు చేసే షెడ్డు. పద్దెనిమిదేళ్ళుగా అందులో పెద్దాయన మాటకి అతను ఎదురు చెప్పింది లేదు. పెద్దాయనకి భార్య పోయింది, పిల్లల్లేరు. శనివారం రెండు పెగ్గులు, ఎదురుగా ఓ మనిషి, అదొక్కటే ఆయన సరదా. ఆ ఎదురు కుర్చీలో కూర్చునే పాత మేనేజరు పోయిన నెలే ఊరు మారిపోయాడు.

తాగేవాళ్ళ భాషలో తాగుడు అన్న మాటే ఉండదు, అదీ మాయ. సిట్టింగ్ అంటారు, బ్యాచ్ అంటారు, గ్లాస్‌మేట్ అంటారు. అన్నిట్లోకీ మెత్తగా గొంతు కోసేది కంపెనీ. ఊరికే కంపెనీ ఇవ్వరా అన్న మాటతోనే ఒకప్పుడు ఫోర్‌మన్ నిండా మునిగాడు. పైకి తేలి మూడేళ్ళయింది.

ఆ వారమంతా అతని కాలు ఒకచోట నిలవలేదు. మిషన్లో అట్టలు తిరగేసి పెట్టాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. వెళ్తే కొంప మునుగుతుంది, వెళ్ళనంటే ఉద్యోగం ఊడుతుంది. చివరికి ఉండబట్టలేక భార్యకి చెప్పాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

"కంపెనీ కావాలో మేం కావాలో తేల్చుకోండి," అంది.

శుక్రవారం పొద్దున్నే ఫోర్‌మన్ పెద్దాయన గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేశాడు.

"రేపు నేను రానండీ. ఆ కంపెనీ నా వల్ల కాదు."

పెద్దాయన తలెత్తాడు. "బాగా ఆలోచించుకున్నావా?"

"వారం రోజులుగా అదే ఆలోచనండీ. ఒకసారి మొదలెడితే నాకు నిద్రాహారాలుండవు. సంసారం గాల్లో కలిసిపోతుంది."

"ఇంట్లో అడిగావా?"

"అడిగానండీ. వద్దంటే వద్దంది."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. నీ మీదే ఆశ పెట్టుకున్నానయ్యా అన్నాడు. ఫోర్‌మన్‌కి జాలేసింది. పాపం, ఒంటరి మనిషి.

"స్టోర్సులో మీసాలున్నాడు కదండీ," అన్నాడు. "వాడైతే ఎగిరి గంతేస్తాడు."

ఉద్యోగం ఊడలేదు. ఇంటికెళ్ళి చెబితే భార్య అప్పుడు ఏడ్చింది, సంతోషంతో. తనంత మొనగాడు లేడనిపించింది ఫోర్‌మన్‌కి.

సోమవారం మీసాలు పరుగున వచ్చి అతన్ని కావలించుకున్నాడు. నా పేరు చెప్పింది నువ్వేనటగా అన్నా, నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను అన్నాడు. పెద్దాయన అప్పుడే ఎవరికీ చెప్పొద్దన్నాడని చెవిలో చెప్పి వెళ్ళిపోయాడు. రెండు పెగ్గులకే ఇంత విశ్వాసమా అని ఫోర్‌మన్ నవ్వుకున్నాడు.

నెల తిరిగాక ఒకరోజు పొద్దున్నే పనికి వచ్చేసరికి గేటుకి నిచ్చెన వేసి ఉంది. ఏం రాస్తున్నారో చూద్దామని తలెత్తాడు.

బోర్డు మీద 'యజమాని' పక్కన పెయింటరు మీసాల పేరు రాస్తున్నాడు.