ఆయా కార్డు

నా భయమల్లా ఒక్కటే. చిన్నమ్మికి ఇంగ్లీషు బడిలో సీటు రాదేమోనని. పోయినేడు, ఎనభయ్యో సంవత్సరం చలికాలమంతా ఆ భయంతోనే గడిపాను.

ఆ బడివాళ్లు పిల్లకు పరీక్ష పెట్టరు. తల్లిదండ్రులకు పెడతారు. ఆ సంగతి మా కార్ఖానా కాలనీ బారిడీహ్‌లో అందరికీ తెలుసు. చిన్నమ్మికి నాలుగేళ్లు. చిన్నమ్మి నాన్న కార్ఖానాలో క్రేను నడుపుతారు. ఇంటర్వ్యూకి ఇంకా మూడు వారాలుంది.

ఉపాయం చెప్పింది పక్క క్వార్టరు ఆదిబాబు గారు. ఆయనకు కంప్యూటరు సెక్షనులో ఉద్యోగం. పై దేశాల్లో కొత్తగా ఒక ఆట వచ్చిందని పత్రికలో చదివారట. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు రాజు, ఒకరు మాంత్రికుడు అనుకోవాలి. ఒకరు కథ నడపాలి. రాక్షసుడు ఎదురైతే పాచికలు వేయాలి.

"మనకి రాక్షసుడెందుకు? హెడ్‌మిస్ట్రెస్ ఉందిగా," అన్నారు.

ఆ ఆదివారమే వాళ్లింట్లో బల్ల వేశారు. పాచికల బదులు కేల్కులేటరు పెట్టారు. మామూలుది కాదు. నేర్పింది గుర్తుపెట్టుకునే రకం. కలకత్తా నుంచి తెప్పించారు. మీట నొక్కితే ఎర్రటి అంకె వెలుగుతుంది. ఒకటి నుంచి ఇరవై దాకా ఏదైనా రావచ్చు. నోటుబుక్కులో ఆ అంకె ఎదురుగా ఏ ప్రశ్న ఉంటే అది అడుగుతారు.

"పాచికైతే మన చేతి మాట వింటాది. ఇది ఎవడి మాటా వినదు. అచ్చం హెడ్‌మిస్ట్రెస్సే!" అన్నారు.

అట్టముక్కలు కోసి కార్డులు రాశారు. తండ్రి కార్డు చిన్నమ్మి నాన్నది. తల్లి కార్డు ఆదిబాబు గారి భార్య పద్మకుమారిది. ఆమె బి.ఏ. పాసయింది. నాది ఆయా కార్డు. పెద్దింటివాళ్లు ఇంటర్వ్యూకి పిల్ల వెంట ఆయాను కూడా తీసుకెళ్తారట. నా చదువు ఐదో తరగతితో ఆగింది. చిన్నమ్మికి స్నానం, జడ, అన్నం ఎలాగూ నా పనులే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదన్నారు.

ఒక్కో కార్డు మీద ఐదు ప్రాణాలు. జవాబు తప్పితే ఒకటి పోతుంది.

హెడ్‌మిస్ట్రెస్ ఆదిబాబు గారే. మీట నొక్కారు. ఏడు వచ్చింది.

"మిస్టర్ సీతారాం, మీ హాబీ ఏటి?"

"బీ షిఫ్టు," అన్నారు చిన్నమ్మి నాన్న.

ఒక ప్రాణం పోయింది. పద్మకుమారి లోపలి నుంచి టీ తెచ్చేలోపు మిగతా నాలుగూ పోయాయి.

"సచ్చిపోనావురా సీతారాం. లే, మళ్లీ పుట్టు," అన్నారు ఆదిబాబు గారు.

నాకు ఒళ్లు మండింది. "ఆ మాటనకండన్నయ్యగారూ! ఔటయిపోనారనండి."

"ఆటలో శకునాలేటి చెల్లెమ్మా?" అని నవ్వారు గానీ, కార్డుల మీద ప్రాణాలు కొట్టేసి వికెట్లు అని రాశారు.

పద్మకుమారికి ఒక్క వికెట్టూ పోలేదు. పద్నాలుగు వచ్చినప్పుడు భర్త పేరు అడిగారు. "మిస్టర్ సీతారాం," అని టక్కున చెప్పింది. ఆడమనిషి నోట ఆ పేరు అంత తేలిగ్గా రావడం నేను వినడం అదే మొదలు. చదువుకున్నవాళ్లు అంతే. ఆదిబాబు గారు కాసేపు కేల్కులేటరు తుడుస్తూ కూర్చున్నారు.

చిన్నమ్మికీ ఒక కార్డు ఇచ్చారు. పద్మకుమారిని మమ్మీ అనాలి. రెండో ఆదివారానికల్లా నేర్చేసుకుంది.

నాకు ప్రశ్నలు లేవు. ఒకటే నియమం. పిల్ల పడినా, ఏడ్చినా, పెద్దవాళ్లు చెప్పేదాకా నేను లేవకూడదు. మూడో ఆదివారం చిన్నమ్మి నుదురు బల్ల అంచుకు కొట్టుకుంది. నేను లేచాను.

"అందరూ ఔట్!" అని అరిచారు ఆదిబాబు గారు. "తల్లి పక్కనుండగా ఆయాకెందుకంత కంగారు?"

"గట్టిగా తగిలిందన్నయ్యగారూ."

"తగిల్తే తల్లి సూసుకుంటాది. నువ్వు కూకో."

కూర్చున్నాను.

ఇంటర్వ్యూ రోజు పిల్ల ఏడుస్తుందేమోనని ఆయాను కూడా గదిలోకి రానిచ్చారు. నేను గోడవార నిలబడ్డాను. హెడ్‌మిస్ట్రెస్ హాబీ అడిగింది. చిన్నమ్మి నాన్న "గార్డెనింగ్" అన్నారు. పెరట్లో ఉన్నది ఒక్క మిరప మొక్క. పద్మకుమారి ఇంగ్లీషులో అయిదు నిమిషాలు మాట్లాడింది. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు తలూపింది.

తర్వాత చిన్నమ్మిని దగ్గరకు పిలిచి, నన్ను చూపించి, ఎవరని అడిగింది. ఆ ప్రశ్న ఇరవైలో లేదు.

చిన్నమ్మి నా వైపు చూసింది. నవ్వలేదు.

"ఆయా హై," అంది హిందీలో.

సీటు వచ్చింది. ఆదిబాబు గారు కేల్కులేటరుకు బొట్టు పెట్టారు.

బడి తెరిచి నాలుగు రోజులైంది. ఆయాలు గేటు దాటకూడదని అక్కడి నియమం. పద్మకుమారికి రోజూ రావడం కుదరదు. మొదటి రోజు చిన్నమ్మి అన్నం డబ్బా మూత తీయకుండానే తెచ్చింది. మిగతా రోజులూ అంతే. ఏమైందని అడిగితే చెప్పడం లేదు.

మీ పిల్లలు ఆ బడిలో చదువుతుంటే, లోపలికి వెళ్లినప్పుడు నర్సరీ గదిలో చిన్నమ్మి ఏడుస్తోందేమో, అన్నం తిందో లేదో ఒక్కసారి చూసి గేటు బయట ఉన్న నాకు చెప్పండి, నేను దాని కన్నతల్లినని మాత్రం అక్కడ ఎవరితోనూ అనకండి.