సిగ్నల్ అందని వాలు

"ఈ బ్లూ రన్ మీద జారుతుంటే లోయంతా కనిపిస్తుందటండీ," అన్నాను, మంచుకొండ మ్యాపు మీద వేలు పెట్టి.

"అక్కడ ఆఫీసు పేజర్‌కి సిగ్నల్ అందదు," అన్నారు మా ఆయన హేమచంద్ర, తలెత్తకుండానే.

మెల్‌బోర్న్ వచ్చాక ఇద్దరం కిందామీదా పడి స్కీయింగ్ నేర్చుకున్నాం. కొత్తవాళ్ళ వాలు దాటి, మ్యాపులో నీలం గీతలతో చూపించే కాస్త కష్టమైన బ్లూ రన్‌ల దాకా వచ్చాం. ఏం లాభం? వెళ్ళిన ప్రతిసారీ సిగ్నల్ అందే కెఫే పక్కనే పైకీ కిందికీ తిరగడం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తప్పుతాయన్న వైటూకే గండం గట్టెక్కితే తీరికే తీరిక అన్నారు. అది గట్టెక్కి ఏడాది దాటింది. పోయిన నెల పెళ్ళిరోజు భోజనం కూడా సగంలో వదిలేసి ఆఫీసుకి పరిగెత్తారు.

"పోనీ, ఈ చెట్ల మధ్య నుంచి వెళ్దామా?"

"అక్కడా అందదు. కెఫే పక్కనే నయం."

వాదించే ఓపిక లేదు నాకు. పెన్సిలు తీసుకుని లోయ కనిపించే దారి మీదే గీత గీశాను.

"చెప్తే వినవేం? పేజర్ మోగితే?"

"మోగదు లెండి. పోయిన వారం నుంచీ అది మీ బెల్టుకి లేదు. ఉద్యోగం తీసేసిన రోజే వెనక్కి తీసుకుని ఉంటారు."

ఆయన చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"రోజూ పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని ఎటు వెళ్తున్నారో నేను అడగను," అన్నాను. "ఆదివారం మాత్రం ఇటే వెళ్దాం."