కాళ్ళెక్కడ పెట్టుకుంటారు?

"టేబుల్ సరిగ్గా గుంట మీదికే జరుపు బావా. కొంచెం గూడా కనపడగూడదు," అంది జ్యోతి.

మధు జరిపాడు. ఆదోనిలో తను పనిచేసే పత్తి మిల్లు సేటును బతిమాలి ఒక్కపూటకు తెచ్చిన టేబుల్ అది, చక్రాల కుర్చీతో సహా. లగేజీ ఆటోలో ఎమ్మిగనూరు దాకా ఆ రెండింటినీ పట్టుకుని నిలబడే వచ్చాడు పాపం.

పక్కన మగ్గం మీద నేస్తున్న ఉచ్చీరప్ప చెయ్యి ఆపాడు.

"ఆ గుంటకేం తక్కువైందమ్మా? నీ మెడనొప్పి ఆడ కూచున్నాంకే గదా పాయె."

"పాయె నాయనా, కాదన్నానా? ఈపొద్దు సూసేది నువ్వు కాదు, కంపెనీ సారు."

జ్యోతి బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే లెక్కలు రాస్తుంది. మొదట్లో మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునేది. మెడ పట్టేసి, వేళ్ళు తిమ్మిరెక్కి, అన్నం కలుపుకోవడం కూడా కష్టమైంది. మాత్రలు మింగినా తగ్గలేదు. అప్పుడు ఉచ్చీరప్ప, భార్య పోయాక ఊడదీసిన రెండో మగ్గం కింద, నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే గుంటను శుభ్రం చేశాడు. కూతుర్ని అందులో కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టాడు. మోచేతులు ఆనేలా ముందర పలక వేశాడు. ల్యాప్‌టాప్‌ను చెక్కపెట్టె మీదికెక్కించి తెరను కళ్ళకెదురుగా నిలబెట్టాడు. టైపు చేసేందుకు మధు వేరే కీబోర్డు కొనుక్కొచ్చాడు. నెల తిరిగేసరికి నొప్పి మాయం.

ఇక ఉచ్చీరప్పను పట్టేవాళ్ళెవరు? టీ అంగట్లో కూర్చున్నా అదే మాట, "మా బిడ్డకు నేను సేసిన కుర్చీ బెంగళూర్లో గూడా దొరకదు." వినేవాళ్ళు టీ చల్లారకముందే లేచిపోయేవాళ్ళు.

కానీ కంపెనీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు కూర్చునే చోటు వీడియోలో చూపించాలి. సరిగా లేకపోతే వచ్చే నెల నుంచి బెంగళూరు ఆఫీసుకు రావాలి. అంటే మధు ఒక దిక్కు, తనొక దిక్కు. ఇల్లరికం వచ్చిన మొగుణ్ణి నాయన దగ్గర వదిలేసి తను పోవడమేమిటని జ్యోతికి రెండు రాత్రులు నిద్ర లేదు.

"నేల తవ్వుకోని గుంటలో కూచుంటానంటే నవ్విపోతారు నాయనా. సారు మాట్లాడేటప్పుడు నువ్వు పలకొద్దు."

"నోరు మూసుకుంటాలే," అన్నాడు ఉచ్చీరప్ప. కూతురి మాట అతనికి బాగా తగిలింది. మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు గానీ నెయ్యలేదు.

పదకొండుకు కంపెనీ నుంచి వీరేశ్ సార్ తెర మీదికి వచ్చాడు. కన్నడ యాస తెలుగు. ముఖం, భుజాలు తప్ప వెనకంతా మసక చేసిపెట్టుకున్నాడు. ఆయన నమస్కారం పెడుతుండగానే ఎవరో ఆడమనిషి నడుం విరిగేలా వంగి ఆయన చేతికి టీ గ్లాసు అందించి పోయింది. పెద్ద ఆఫీసరు, ఇంట్లోవాళ్ళు కూడా ఇంత వంగుతారు కాబోలు అనుకుని జ్యోతి ఇంకాస్త బిగుసుకుంది.

"కాళ్ళెక్కడ పెట్టుకుంటారు జ్యోతీ?"

జ్యోతి తెర వంచి చూపించింది. సేటు కుర్చీలో ఆమె కాళ్ళు నేలకు జానెడు పైన ఊగుతున్నాయి.

"భుజాలు చెవుల దాకా వచ్చినాయి. రోజూ ఇట్లాగేనా?"

"అవున్ సార్."

"ఇట్లా కూర్చునేవాళ్ళు నొప్పులని సెలవు పెట్టకుండా ఉండరు. మీరు ఈ మధ్య ఒక్కటీ పెట్టలేదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ టేబుల్‌కు నేను ఒప్పుకోలేను. బెంగళూరు వచ్చెయ్యండి."

మధు తల దించుకున్నాడు.

"సారూ, అది మాది గాదు. మిల్లు సేటుది," అని వెనక నుంచి గొంతు వినిపించింది. "నా బిడ్డ కూచునేది దాని కింద ఉండాది."

జ్యోతికి భూమిలో దిగబడాలనిపించింది. వీరేశ్ సార్ తెర దగ్గరికి వంగి, "చూపించండి," అన్నాడు.

చేసేదేముంది? మధు టేబుల్ లాగేసి, ల్యాప్‌టాప్‌ను చెక్కపెట్టె మీదికి మార్చాడు. జ్యోతి దిగి కూర్చుంది. పలక మీద మోచేతులు ఆనాయి, తెర కళ్ళకెదురుగా వచ్చింది, భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

"కాళ్ళు?"

"కింద చెక్క మీద సార్."

"చెక్క కింద?"

"గోనెసంచి."

"మంచిది. లేకుంటే మన్ను చలికి మోకాళ్ళు పట్టేస్తాయి. అంచు తొడలకు ఒరుసుకోదా?"

"పాత దుప్పటి మడత వేసినాం సార్."

"అది గూడా అడుగుతాండాడే," అని ఉచ్చీరప్ప అల్లుడి చెవిలో అన్నాడు.

"మధ్యలో లేస్తారా?"

"మా నాయన మగ్గం దిగినప్పుడల్లా నన్ను గూడా లేపుతాడు సార్."

"ఎవరు కొలిచి చేసినారు ఇదంతా?"

జ్యోతి వెనక్కి తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ ఆఫీసులో ఎవరికీ చెప్పని మాట అది.

"మా నాయన సార్. నేతగాడు. నా తల్లి నేసిన గుంట ఇది," అంది తలెత్తి.

ఉచ్చీరప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమటేమీ లేదు.

"మీరు ఎక్కడికీ రానక్కర్లేదు. ఇక్కడే పని చేసుకోండి," అన్నాడు వీరేశ్ సార్.

"సార్... గుంటని తెలిస్తే ఆఫీసులో నవ్వరా?"

ఆయన వెనక ఉన్న మసక తీసేశాడు. ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి మెల్లగా కిందికి వంచాడు.

ఆయన కాళ్ళూ మగ్గం గుంటలోనే ఉన్నాయి.