గురువారంలోపు

“ఈరోజే వెయ్యాలి డాక్టరమ్మా, కాపర్ టీ. గురువారం దాటితే లాభం లేదు.”

గదిలోకి వస్తూనే అందుకుంది అత్తగారు. కూర్చోమన్నా కూర్చోలేదు. కోడలు మాత్రం బల్ల పక్క స్టూలు మీద కూర్చుని, బ్యాగు పట్టీ నలుపుతోంది.

డాక్టరమ్మ చీటీ చూసింది. నర్సు రాత ఎప్పుడూ కోడి కెలికినట్టే ఉంటుంది. వయసు ఇరవయ్యేడని ఎలాగో పోల్చుకుంది.

“పిల్లలెంతమందమ్మా?” అని కోడలిని అడిగింది.

“ఒక్కడే. మామూలు కాన్పే,” అంది అత్తగారు.

“నెలసరి సరిగ్గా వస్తోందా?”

“వస్తోంది గానీ, రెండు నెలల నుంచి మధ్యమధ్యలో రక్తం కనిపిస్తోంది.” మళ్ళీ అత్తగారే!

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. “ఆ అమ్మాయికి నోరు లేదా? తనని చెప్పనివ్వండి.”

“దానికేం తెలుస్తుందండీ? నాకు తెలిసినట్టు దానికి తెలుస్తుందా?”

ఔరా! కోడలి ఒంట్లో సంగతి కోడలికే తెలియదట! డాక్టరమ్మ కోపాన్ని దిగమింగుకుంది.

“మధ్యలో రక్తం ఎందుకొస్తోందో తేలేదాకా కాపర్ టీ వెయ్యకూడదు. ముందు స్కానింగు చేయించాలి, గర్భసంచి పరీక్ష చెయ్యాలి. వారం పడుతుంది. రేపు మీ అబ్బాయిని కూడా రమ్మనండి, మాట్లాడతాను.”

“వాడినా! అమ్మో, వాడికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? కొంప మునుగుతుంది!”

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. మొగుడికి తెలియకుండా పెళ్ళానికి కాపర్ టీ! ఇరవయ్యేళ్ళ సర్వీసులో గయ్యాళి అత్తల్ని చాలామందిని చూసింది గానీ, ఇంతకు తెగించినదాన్ని చూడలేదు.

“మీరు బయటికి నడవండి ముందు!”

అత్తగారి మొహం కందిపోయింది. తలుపు దాకా వెళ్ళి, “గురువారంలోపు...” అని ఏదో గొణిగి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “భయపడకు తల్లీ. ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నీ ఒంటిమీద ఆవిడ పెత్తనమేమిటి?”

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అది కాదు డాక్టర్... ఆ రక్తం... ప్రాణం మీదికి తెచ్చేదేమీ కాదు కదా?”

“చాలామందికి ఏమీ ఉండదమ్మా. కానీ చూడకుండా కాపర్ టీ వేసేస్తే అసలు జబ్బు మరుగున పడిపోతుంది. నలభై దాటిన మనిషైతే నేనూ కంగారుపడేదాన్నే. నీకు ఇరవయ్యేడేగా!”

కోడలు గబుక్కున చీటీ లాక్కుని చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇది రెండు కాదు డాక్టర్, నాలుగు. నలభై ఏడు! గురువారం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి మా అత్తయ్యకి... సాక్షి సంతకం నాది.”